ఖాళీగా ఉన్న మనిషి పనిని ఎవరు లెక్కపెడతారు?

మా ఇంటి కింది పోర్షన్‌లో రెండేళ్ళుగా ఒక అక్క అద్దెకుంటోంది. సత్తెనపల్లి అవతల పల్లెటూరు వాళ్ళది. నాలుగెకరాల మిరప, కాస్త పత్తి. అమ్మాయి ఇంటర్, అబ్బాయి తొమ్మిదో తరగతి. పిల్లల చదువుల కోసం ఆవిడ విజయవాడ వచ్చేసింది, ఆయన ఊళ్ళోనే ఉండి పొలం చూసుకుంటున్నాడు. పటమట, గుణదల, భవానీపురం, ఎటు వెళ్ళినా ఇలాంటి కాపురాలు కనిపిస్తాయి. ఒక గది, చిన్న వంటిల్లు, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, గోడకి పిల్లల టెస్టుల తేదీలకు సున్నాలు చుట్టిన క్యాలెండర్.

మొన్న కొత్తగా పక్కింట్లో దిగినావిడ "మీరేం చేస్తుంటారండీ?" అని అక్కని అడిగింది. "నేనేం చేస్తానండీ, ఖాళీనే. ఇంట్లోనే ఉంటాను" అంది అక్క.

ఆ ఖాళీ ఎలా ఉంటుందో నేను మేడ మీద నుంచి రోజూ చూస్తున్నాను. నాలుగున్నరకి లైటు వెలుగుతుంది. నీళ్ళు వదిలే వేళకి బిందెలు, డ్రమ్ము నిండాలి. అమ్మాయి ఆరుంబావుకల్లా కాలేజీకి బయల్దేరాలి కాబట్టి ఆలోపు పాలు, టిఫిన్. ఏడున్నరకి అబ్బాయి బాక్సు. పదకొండున్నరకి క్యారేజీ కట్టుకుని షేర్ ఆటో ఎక్కుతుంది. కాలేజీ గేటు దగ్గర తనలాంటి తల్లులు ఇరవై ముప్ఫై మంది క్యారేజీలు పట్టుకుని నిలబడి ఉంటారు. మధ్యలో ఊరి నుంచి ఫోన్లు. "పోయిన కోతకి మేస్త్రికి ఎంతిచ్చాం? ఆ మందు ఏ కొట్లో తెచ్చాం? పదిహేను మంది వస్తామంటున్నారు, రమ్మననా?" పొలం లెక్కల నోట్‌బుక్కు ఆవిడ దగ్గరే ఉంది మరి. సాయంత్రం మళ్ళీ క్యారేజీ. రాత్రి అమ్మాయి చదువుకున్నంతసేపూ పక్కన కూర్చుని కునికిపాట్లు పడుతుంది. తను పడుకుంటే పిల్ల కూడా పడుకుంటుందని భయం.

శనివారం సాయంత్రం పిల్లల్ని నాకు అప్పజెప్పి బస్సెక్కుతుంది. ఆదివారం అత్తగారి మందులు వారానికి సరిపడా డబ్బాల్లో సర్ది, ఆయనకి రెండు పచ్చళ్ళు, ఒక పొడి చేసిపెట్టి, ఇల్లు కడిగి, బియ్యం, పప్పు మోసుకుని రాత్రికి వచ్చేస్తుంది. 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి పథకం మొదలయ్యాక ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో కూడా ఆడవాళ్ళకి ఛార్జీ లేదు. అంతకుముందు పదిహేను రోజులకోసారి వెళ్ళేది, ఇప్పుడు వారం వారం వెళ్తోంది. డబ్బు మిగిలింది, ఆదివారం పోయింది.

ఇంత చేసే మనిషి తనను తాను ఖాళీ అని ఎందుకు చెప్పుకుంటోంది? మొహమాటమో వినయమో అని వదిలేస్తే అసలు సంగతి అర్థం కాదు. మన దేశంలో పనిని లెక్కపెట్టే చోట్లు చాలా ఉన్నాయి. సర్వే, జీడీపీ, బ్యాంకు, కోర్టు, పెళ్ళిచూపులు. ఒక్కో చోట గృహిణికి ఒక్కో లెక్క. ఆ లెక్కలు ఒకదానితో ఒకటి పొసగవు. వాటిని విడివిడిగా చూస్తే గానీ చిక్కు విడిపడదు.

ఊళ్ళో శ్రామికురాలే, టౌన్‌లో కాదు

ముందు సర్వే సంగతి. దేశంలో ఎంతమంది పనిచేస్తున్నారో తెలుసుకోవడానికి కేంద్ర గణాంక శాఖ 2017 నుంచి పీఎల్ఎఫ్ఎస్ అనే సర్వే జరుపుతోంది. అందులో ప్రతి మనిషికీ ఒక కోడ్ ఇస్తారు. సొంత పొలంలోనో కొట్లోనో కూలీ తీసుకోకుండా సాయంచేసే కుటుంబ సభ్యులది 21. వాళ్ళు శ్రామికులే, ఉపాధి ఉన్నవాళ్ళ కిందికే వస్తారు. ఇంటిపని మాత్రమే చేసేవాళ్ళది 92. ఇంటిపనితో పాటు ఇంటి అవసరానికి కట్టెలు, పశువుల మేత తేవడం, బట్టలు కుట్టడం లాంటివి చేస్తే 93. ఈ రెండు కోడ్‌లవాళ్ళు శ్రామికులు కారు.

ఇప్పుడు అక్కని చూడండి. ఊళ్ళో ఉన్నప్పుడు మిరప కోతలకి కూలీల వెంట చేలోకి వెళ్ళేది. కల్లంలో కూర్చుని తాలుకాయలు ఏరేది, టిక్కీలు (మిరప బస్తాలు) కుట్టించేది. అప్పుడు సర్వేవాళ్ళు వచ్చి ఉంటే 21 వేసేవాళ్ళు. విజయవాడ వచ్చాక నిద్ర రెండు గంటలు తగ్గింది, పని పెరిగింది, పొలం లెక్కలు ఫోన్‌లో నడుస్తూనే ఉన్నాయి. ఇప్పుడొస్తే, గుచ్చి గుచ్చి అడిగితే తప్ప, 92 వేసి వెళ్ళిపోతారు. అంకెల ప్రకారం ఆవిడ పని మానేసింది.

చదువు పెరిగి, చేతిలో నాలుగు డబ్బులు ఆడి, టౌన్‌కి చేరిన కుటుంబాల్లో ఆడవాళ్ళు పని నుంచి తప్పుకుంటున్నారని చాలాకాలంగా వింటున్నాం. కొందరి విషయంలో అది నిజమే. కానీ తప్పుకుని ఏం చేస్తున్నారు అనే రెండో ప్రశ్న ఎవరూ అడగరు. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో దానికి జవాబు కాలేజీ గేటు దగ్గర క్యారేజీలతో నిలబడి ఉంది. ఇంటర్ చదువనే ఇంత పెద్ద వ్యాపారం ఇక్కడ నడుస్తోందంటే, దానికి కింద దన్నుగా ఉన్నది ఈ తల్లుల పొద్దు. ఫీజు రసీదులో ఆ ఖర్చు కనిపించదు.

జనాభా లెక్కల తీరూ ఇంతే. 2011 ఫారంలో, పనిచేయని వాళ్ళు ఏ రకం అని అడిగే చోట విద్యార్థి, ఇంటిపని, ఇతరుల మీద ఆధారపడినవారు, పెన్షనర్, అద్దెల మీద బతికేవారు, బిచ్చగాళ్ళు అని వరసగా ఉంటాయి. రోజుకి పదహారు గంటలు నిలువుకాళ్ళ మీద ఉండే మనిషిని ఆ వరసలో పెట్టారు. 2027 జనాభా లెక్కలకి ఎన్యూమరేటర్ మీ ఇంటికి వచ్చినప్పుడు "మా ఆవిడ ఏమీ చేయదు" అనేయకుండా, పొలం పనో, కుట్టుపనో, పాల అమ్మకమో ఉంటే అది కచ్చితంగా చెప్పండి. ఏడాదిలో కొద్ది రోజులు చేసిన పనికి కూడా 2011 ఫారంలో చోటుంది.

గేదె పాలు లెక్కకొస్తాయి, కాఫీ రాదు

జీడీపీ లెక్క ఇంకా విచిత్రంగా ఉంటుంది. దేశాలన్నీ పాటించే జాతీయ లెక్కల పద్ధతిలో ఒక గీత ఉంది. ఇంట్లో వాడుకోవడానికే పండించిన వస్తువులు గీతకి ఇవతల, లెక్కలోకి వస్తాయి. ఇంట్లోవాళ్ళ కోసం చేసిన సేవలు గీతకి అవతల, లెక్కలోకి రావు. పెరట్లో గేదె ఇచ్చిన పాలు అమ్మకపోయినా, ఇంట్లోనే తాగినా, జీడీపీలో ఉంటాయి. ఆ పాలు కాచి, కాఫీ కలిపి, మంచంలో ఉన్న మామగారికి ఒక్కో గుక్కా తాగించిన పని ఉండదు. ఈ గీతకి ఒక మినహాయింపు ఉంది. సొంత ఇంట్లో ఉంటున్నవాళ్ళు తమకు తాము అద్దె కట్టుకుంటున్నట్టు ఊహించి ఆ మొత్తాన్ని జీడీపీలో కలుపుతారు. అంటే ఇటుకల గోడలు చేసే సేవకు అంచనా కట్టగలిగాం. అదే ఇంట్లో మనిషి చేసే సేవ దగ్గరికొచ్చేసరికి కొలవడం కష్టం అంటున్నాం.

ఆర్థికవేత్త ఆర్థర్ పిగూ వందేళ్ళ కిందటే ఈ ఇబ్బందిని పట్టుకున్నాడు. ఒకాయన తన ఇంట్లో జీతానికి పనిచేసే ఆమెను పెళ్ళి చేసుకుంటే, ఆమె అదే పని చేస్తున్నా దేశ ఆదాయం తగ్గిపోతుంది.

కొలిచే పద్ధతులు లేకపోలేదు. ఒకటి, ఆ పని బయటివాళ్ళతో చేయిస్తే ఎంతవుతుందో చూడడం. వంటమనిషికింత, ఆయాకింత, ట్యూషన్‌కింత. రెండోది, ఆమె ఇంట్లో ఉండడం వల్ల వదులుకున్న జీతం చూడడం. ఈ రెండో పద్ధతిలో చిక్కుంది. బీటెక్ చదివినామె పెట్టిన పప్పుచారు ఖరీదు ఎక్కువ, పదో తరగతితో ఆపేసినామె పెట్టింది తక్కువ అని తేలుతుంది. 2023లో స్టేట్ బ్యాంక్ ఆర్థిక పరిశోధన విభాగం దేశంలో జీతం లేకుండా పనిచేస్తున్న ఆడవాళ్ళ శ్రమ ఏడాదికి సుమారు 22.7 లక్షల కోట్ల రూపాయలని, జీడీపీలో అది దాదాపు 7.5 శాతమని అంచనా వేసింది. వాళ్ళు తీసుకున్నది తక్కువ కూలీ రేటే. తక్కువ రేటుకే అంతైంది.

గంటల లెక్క కూడా ఉంది. ప్రభుత్వం 2019లో ఒకసారి, 2024లో ఒకసారి సమయ వినియోగ సర్వే చేసింది. ఆరేళ్ళు దాటిన వాళ్ళందరినీ నిన్నటి రోజు ఎలా గడిచిందో అరగంట అరగంటకీ చెప్పమన్నారు. 2024లో ఇంటిపని చేసిన ఆడవాళ్ళు దానికి రోజుకి సగటున 289 నిమిషాలు పెట్టారు. ఇంటిపని చేసిన మగవాళ్ళు 88 నిమిషాలు పెట్టారు. ఐదేళ్ళ ముందు అవి 299, 97. ఆడవాళ్ళకి పది నిమిషాలు తగ్గాయని పత్రికల్లో వచ్చింది. పక్కనున్న అంకె చూడండి. మగవాళ్ళకీ తొమ్మిది నిమిషాలు తగ్గాయి. అంటే ఆమె పనిలో భాగాన్ని ఆయన అందుకోవడం వల్ల ఆ పది నిమిషాలు రాలేదు. మిక్సీలు, వాషింగ్ మెషీన్లు, కర్రీ పాయింట్లు తగ్గించి ఉంటాయని నా నమ్మకం. సగటున అంతసేపు చేసేది కూడా ఏదో ఒక ఇంటిపని చేసే మగవాళ్ళు మాత్రమే, వాళ్ళు నూటికి ముప్ఫై మందికి తక్కువే.

పని మారింది, తరగలేదు

మా అమ్మ గుంటూరు బ్రాడీపేటలో కాపురం పెట్టినప్పుడు కిరసనాయిలు స్టవ్, రుబ్బురోలు, బావి. 1999లో దీపం పథకం వచ్చి ఉమ్మడి రాష్ట్రంలో పేద ఇళ్ళకి కూడా ఆడవాళ్ళ పేరు మీద గ్యాస్ కనెక్షన్లు వచ్చాయి. పొగ పోయింది, పొట్టు పొయ్యిలు పోయాయి. అది చిన్న మార్పు కాదు, ఎన్ని కళ్ళు, ఎన్ని ఊపిరితిత్తులు బాగుపడ్డాయో. అయితే రుబ్బురోలు దగ్గర మిగిలిన గంట ఎటు పోయింది?

వంటింట్లోనే ఖర్చయింది. అమ్మ రోజుల్లో అందరికీ ఒక కూర, ఒక పచ్చడి, చారు. ఇవాళ మా ఇంట్లో నాన్నగారికి షుగరు కాబట్టి జొన్నరొట్టె, మా వారికి పుల్కాలు, పాపకి స్కూలు బాక్సులోకి పొడిగా ఉండేదేదో ఒకటి. పైగా ఇప్పుడు పనిలో పెద్ద భాగం చేత్తో చేసేది కాదు, గుర్తుపెట్టుకోవాల్సింది. కరెంటు బిల్లు, స్కూలు వాట్సాప్ గ్రూపులో ప్రాజెక్టు, డాక్టర్ టోకెన్, గ్యాస్ బుకింగ్, ఆధార్‌లో తప్పు దిద్దించడం, మామగారి పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్. స్కూటీ రాగానే దింపడాలు, ఎక్కించుకోవడాలు వచ్చాయి. ఈ పనికి పేరు లేదు. పేరు లేనిది ఎవరి మధ్యా పంచుకోలేం కూడా. "నాకు చెప్తే చేస్తాగా" అంటారు మగవాళ్ళు. ఏం చెప్పాలో ముందు గుర్తుపెట్టుకోవడమే సగం పని.

మన ప్రాంతంలో దీనికి ఇంకో కొస కూడా ఉంది, అది సముద్రాల అవతల ఉంది. గుంటూరు, విజయవాడల్లో యాభై ఐదు, అరవై ఏళ్ళ గృహిణుల్ని పలకరిస్తే చాలామంది "అమ్మాయి డెలివరీకి అమెరికా వెళ్ళి వచ్చానమ్మా" అంటారు. ఆరు నెలలు ఆవిడ, తర్వాత ఆరు నెలలు వియ్యపురాలు. అక్కడ పసిపిల్లల్ని చూసే చోట కట్టాల్సిన డాలర్లు ఆదా అవుతాయి, కూతురి ఉద్యోగం నిలబడుతుంది. ఇక్కడ ఆయన హోటల్ భోజనం తింటూ బీపీ పెంచుకుంటాడు. రెండు దేశాల ఆర్థిక వ్యవస్థలకి పనికొచ్చిన ఆ ఆరు నెలలు రెండు దేశాల లెక్కల్లోనూ ఉండవు. వీసా మీద ఆవిడ టూరిస్టు.

కోర్టు కట్టిన ఖరీదు

మన దేశంలో గృహిణి పనికి రూపాయల్లో విలువ కట్టి, కాగితం మీద రాసి, చెల్లించమని ఆదేశించిన చోటు ఒకటే. ప్రమాదాల నష్టపరిహారం, ముఖ్యంగా మోటారు ప్రమాదాలది. ఆమె చనిపోయాక.

1994లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన రెండో షెడ్యూల్ ఒక సూత్రం పెట్టింది. సంపాదన లేని భార్య చనిపోతే ఆమె ఆదాయాన్ని భర్త సంపాదనలో మూడో వంతుగా లెక్కించాలి. చూడ్డానికి బాగానే ఉంది. కానీ భర్త లక్ష తెచ్చుకుంటే ఆమె పని ముప్ఫై మూడు వేలు, ఆటో నడిపి పదిహేను వేలు తెస్తే ఐదు వేలు. చేసిన పని మాత్రం ఒకటే. నిజానికి ఆటో నడిపే ఆయన ఇంట్లో వాషింగ్ మెషీన్ ఉండదు, ఆమె పనే ఎక్కువ.

2001లో లతా వాధ్వా కేసులో సుప్రీంకోర్టు గృహిణి సేవల్ని నెలకు 3,000 రూపాయలుగా అంచనా వేసింది. 2010లో అరుణ్ కుమార్ అగ్రవాల్ కేసులో జస్టిస్ గంగూలీ ఇంకో అడుగు వేశారు. 2001 జనాభా లెక్కల్లో దాదాపు 36 కోట్ల మంది ఆడవాళ్ళని పనిచేయనివాళ్ళుగా రాసి, బిచ్చగాళ్ళతో, ఖైదీలతో ఒకే గాటన కట్టారని తప్పుపట్టారు.

2021 జనవరి 5న వచ్చిన కీర్తి కేసు తీర్పు మనకి ఇంకాస్త దగ్గరిది. మన పాత కృష్ణా జిల్లా పొన్నవరంలో పుట్టి, నాగార్జున యూనివర్సిటీలో లా చదివిన జస్టిస్ ఎన్.వి. రమణ అందులో విడిగా తన అభిప్రాయం రాశారు. 2011 జనాభా లెక్కల్లో ఇంటిపనే తమ ముఖ్యమైన పని అని చెప్పిన ఆడవాళ్ళు 15.98 కోట్ల మంది అయితే, మగవాళ్ళు 57.9 లక్షల మంది అని అంకెలు ముందు పెట్టారు. వంట, సరుకులు, పెద్దవాళ్ళ సేవ, ఇంటి బడ్జెట్ అన్నీ ఏకరువు పెట్టి, పల్లెల్లో వీటితో పాటు నాట్లు, కోతలు, పశువుల పని కూడా వీళ్ళే చేస్తారని రాశారు. పల్లెటూరి ఇల్లు తెలిసిన మనిషి రాసినట్టుంటుంది అది. జీతం పెరిగే ఉద్యోగికి భవిష్యత్తు ఆదాయం కలిపి ఇస్తున్నట్టే గృహిణి విషయంలోనూ కలపాలని ఆ తీర్పు తేల్చింది.

లెక్క ఎలా వేస్తారో ఒక ఉదాహరణ చెప్తాను. 38 ఏళ్ళ గృహిణి, ఆమె మీద ఆధారపడినవాళ్ళు నలుగురు. ఆమె పనికి ట్రిబ్యునల్ నెలకు 10,000 అంచనా వేసిందనుకుందాం. నలభై లోపు వయసు కాబట్టి భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలిపితే 14,000. ఏడాదికి 1,68,000. అందులో ఆమె సొంత ఖర్చని నాలుగో వంతు తీసేస్తే 1,26,000. ఆ వయసుకి గుణకం, అంటే ఎన్నేళ్ళ ఆదాయం లెక్కించాలో చెప్పే అంకె, 15. మొత్తం 18,90,000 రూపాయలు. అంత్యక్రియల ఖర్చు లాంటివి వేరే.

ఇదే మనిషి, ఇదే వయసులో, బతికి ఉండగా బ్యాంకుకి వెళ్ళి లక్ష రూపాయలు అప్పడిగితే? నాకు అనుభవమే. తొమ్మిదేళ్ళు ఉద్యోగం చేసి, అమ్మకి పక్షవాతం వచ్చినప్పుడు మానేశాను. ఏడాది తర్వాత ఒక బ్యాంకులో క్రెడిట్ కార్డుకి దరఖాస్తు ఇచ్చాను. వృత్తి దగ్గర గృహిణి అని, ఆదాయం దగ్గర ఏం రాయాలో తెలియక గీత గీశాను. కౌంటర్లో అబ్బాయి చాలా మర్యాదగానే "సార్ పేరు మీద పెట్టండి మేడమ్, త్వరగా అయిపోతుంది" అన్నాడు. ఆ కుర్రాడి తప్పేం లేదు, వాళ్ళ సిస్టమ్‌లో సున్నా ఆదాయానికి దారి లేదు. ఇంటికొచ్చి అమ్మని పక్కకి తిప్పుతూ ఏడ్చాను. పోయాక పద్దెనిమిది లక్షలయ్యే మనిషి, ఉండగా సున్నా ఎలా అవుతుంది?

హోమ్ మేకర్ అంటే మారిపోయిందా?

పేరైతే మారింది. ఇల్లాలు అనేది మన పాత మాట, ఇల్లు, ఆలు కలిసి పుట్టింది. తర్వాత గృహిణి, ఆ తర్వాత హౌస్‌వైఫ్, ఇప్పుడు హోమ్ మేకర్. పొగడ్తకి మనకి ఏనాడూ కొదవ లేదు. ఇంటికి దీపం ఇల్లాలు అన్నాం, ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నాం. రెండో సామెత మాత్రం జాగ్రత్తగా వినండి. ఇల్లు అందరిది, ఇల్లు చిందరవందరగా ఉంటే పేరు పోయేది ఒక్కరిదే.

నలభై ఏళ్ళ కిందట సంబంధాలు చూసేటప్పుడు "అమ్మాయికి వంటావార్పూ వచ్చా?" అని అడిగేవాళ్ళు. ఇప్పుడు "ప్యాకేజీ ఎంత?" అంటున్నారు. వంటావార్పూ ప్రశ్న పోయిందనుకుంటే పొరపాటు, పెళ్ళయ్యాక అడుగుతున్నారు. అందుకే ఇంట్లో ఉన్నామె రెండు వైపుల నుంచీ మాటలు పడుతోంది. ఉద్యోగం చేస్తే పిల్లల్ని గాలికొదిలేసిందంటారు. మానేస్తే "ఇంత చదివించింది ఇందుకా?" అని పుట్టింటివాళ్ళే అంటారు. మా అమ్మ తరంలో ఇంట్లో ఉండడానికి కారణం చెప్పక్కర్లేదు. ఈ తరంలో ప్రతి ఫంక్షన్లోనూ కారణం చెప్పుకోవాల్సి వస్తోంది. నాకు తెలిసి ఇదే అన్నిటికన్నా పెద్ద మార్పు, దీని గురించే తక్కువ మాట్లాడతాం.

ఇక్కడి ఇంజనీరింగ్ కాలేజీల్లో చదివి, భర్తతో అమెరికా వెళ్ళి హెచ్-4 వీసా మీద ఇంట్లో కూర్చున్న అమ్మాయిల కథ ఇంకోటి. 2015 మే వరకు ఆ వీసా మీద ఉద్యోగం చేసే వీలే లేదు. ఆ తర్వాత కూడా, భర్త గ్రీన్ కార్డు ప్రక్రియ ఒక దశ దాటినవాళ్ళలాంటి కొందరికే అనుమతి వచ్చింది. వాళ్ళు కోరుకుని గృహిణులు కాలేదు. అలాగే కోరుకుని, ఇష్టపడి ఇంట్లో ఉంటున్నవాళ్ళూ ఉన్నారు, వాళ్ళని చిన్నచూపు చూసే హక్కు ఎవరికీ లేదు. ఇద్దర్నీ ఒకే మాటతో పిలుస్తున్నాం కాబట్టి చర్చ ఎప్పుడూ పక్కదారి పడుతుంది. అడగాల్సింది ఆమె ఇంట్లో ఉందా, బయట ఉందా అని కాదు. వద్దనుకుంటే మారగలిగే వీలుందా అని.

ఆ వీలు లేకపోతే ఏమవుతుందో చెప్పే అంకె ఒకటుంది, రాయడానికి చెయ్యి రాదు. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2021లో దేశంలో ఆత్మహత్య చేసుకున్న ఆడవాళ్ళు 45,026 మంది. వాళ్ళలో గృహిణులు 23,178 మంది. కారణాలు అందరివీ ఒకటే అనలేం. కానీ సెలవు లేని, జీతం లేని, రాజీనామా ఇవ్వలేని పనిలో ఉన్న మనిషి "నాకు బాగోలేదు" అంటే ఇంట్లో ఒక్కరైనా స్టవ్ కట్టేసి పక్కన కూర్చోవాలి. టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఇంకో ముఖ్యమైన సంగతి. గృహిణులుగా లెక్కలోకి వచ్చినవాళ్ళలో చాలామంది సంపాదిస్తూనే ఉన్నారు. గుంటూరు చుట్టుపక్కల కిలోకింత అని మిరపకాయల తొడిమలు తీసేవాళ్ళు, వాట్సాప్‌లో చీరలమ్మేవాళ్ళు, మగ్గం వర్క్ జాకెట్లు కుట్టేవాళ్ళు. మంగళగిరిలో మగ్గం మీద కూర్చునేది ఆయనైతే, ఆసు పోసేది, కండెలు చుట్టేది ఆవిడ. కూలీ చీర లెక్కన వస్తుంది, ఆయన చేతికి వస్తుంది. ఆవిడని అడిగితే ఇంటిపని మధ్యలో చేత్తో కాస్త సాయం పడతానంటుంది. ఆ కండెలు లేకపోతే మగ్గం ఆడదు.

డబ్బు ఎవరి చేతిలో

సంఘాలు, ఖాతాలు ఈ లెక్కని కొంత కదిలించాయి, కాదనను. డ్వాక్రా సంఘాలతో పల్లెల్లో ఆడవాళ్ళు బ్యాంకు మెట్లెక్కారు. 2020లో అమ్మ ఒడి డబ్బు తల్లుల ఖాతాల్లో పడింది, 2025లో తల్లికి వందనం కూడా అలాగే. అక్క ఆ డబ్బుతోనే అమ్మాయికి పుస్తకాలు కొంది. అయితే ఈ పథకాలు ఆమెని తల్లిగా చూసి ఇస్తున్నాయి, పనిచేసిన మనిషిగా చూసి కాదు. తమిళనాడు 2023 సెప్టెంబరులో ఇంటి ఆడవాళ్ళకి నెలకు 1,000 రూపాయలు మొదలుపెట్టినప్పుడు దానికి పెట్టిన పేరులో హక్కు అనే మాట ఉంది. మొత్తం చిన్నదే, మాట పెద్దది. ఇంటిపనికి ప్రభుత్వం జీతం ఇవ్వాలా అనే వాదన యాభై ఏళ్ళుగా ఉంది. జీతమిస్తే ఆ పని ఆడవాళ్ళకే రాసిపెట్టినట్టవుతుందనే భయమూ అంతే పాతది. నా మటుకు నాకు జీతం కన్నా ఆస్తిలో వాటా న్యాయమనిపిస్తుంది. ఇద్దరూ కలిసి నడిపిన కాపురంలో మిగిలింది ఇద్దరిదీ.

ఆస్తి విషయంలో మన రాష్ట్రం ఒకప్పుడు దేశానికి దారి చూపింది. ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో చట్టం చేసి ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకి కొడుకులతో సమానంగా వాటా ఇచ్చింది. దేశమంతటికీ ఆ హక్కు 2005లో గానీ రాలేదు. అది పుట్టింటి ఆస్తి మాట. మెట్టినింట్లో, పెళ్ళయ్యాక భర్త తన పేరున కొన్న పొలంలోనో ఫ్లాట్‌లోనో, ఆయన బతికుండగా భార్యకి తనంతట తానుగా వాటా ఇచ్చే చట్టం హిందువులకి లేదు. గోవాలో పోర్చుగీసు కాలం నాటి సివిల్ కోడ్ వల్ల ఉంది. 2023 జూన్‌లో మద్రాసు హైకోర్టు ఒక కేసులో, భర్త గల్ఫ్‌లో సంపాదించి పంపుతుంటే ఇక్కడ ఇల్లు నడిపిన భార్య కూడా ఆ ఆస్తి కొనడంలో పాలుపంచుకున్నట్టేనని చెప్పి సమాన వాటా ఇచ్చింది. ఒక హైకోర్టు మాట అది, ఇంకా చట్టం కాలేదు.

2024 జులై 10న, తెలంగాణ నుంచి వెళ్ళిన ఒక భరణం కేసులో సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ బి.వి. నాగరత్న మగవాళ్ళకి ఒక మాట చెప్పారు. ఇంటిని నడిపే భార్యకి డబ్బు అందుబాటులో ఉంచండి, జాయింట్ ఖాతా తెరవండి, ఏటీఎం కార్డు ఆమె చేతిలో పెట్టండి అని. చట్టం మారక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఒక పూట పని.

ఆ వార్త నేను అక్కకి చదివి వినిపించాను. ఏమీ అనలేదు. మిర్చి యార్డులో సరుకు అమ్మిన డబ్బు ఎప్పుడూ ఆయన ఖాతాలోనే పడుతుంది, ఇక్కడ అద్దెకీ ఫీజుకీ ఆయన పంపేదాకా ఫోన్ చేస్తూ ఉండాలి. ఈసారి కోతలప్పుడు ఊరెళ్ళి వచ్చి, "నా పేరు కూడా ఎక్కిస్తానన్నాడమ్మా, ఈ ఫారం నింపిపెట్టు" అని తెచ్చింది. పేరు, పుట్టిన తేదీ, ఆధార్ నంబరు రాశాను. వృత్తి దగ్గర ఆగి ఆవిడ మొహంలోకి చూశాను.

"వ్యవసాయం అని రాయి" అంది. కాసేపాగి, "గృహిణి అని కూడా రాయి. పట్టకపోతే చిన్న అక్షరాలతో రాయి."

రెండూ రాశాను. కార్డు ఇంకా రావాల్సి ఉంది.